ఆగి ఆగి కారే ఇంజిన్ ఆయిల్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా గజపతినగరం దగ్గర ఒక పల్లె. 2008లో కొన్న బొలెరో డీజిల్ బండి ఇప్పటికీ మా ఇంటి అవసరాలన్నీ తీరుస్తోంది. ఏడాది కాలంగా ఇంజిన్ ఆయిల్ కారుతోంది, కానీ రోజూ కారదు. విజయనగరం, బొబ్బిలి తిరిగినన్నాళ్లూ పోర్టికోలో ఒక్క చుక్క కనపడదు. వ్యాపారం పనిమీద సాలూరు ఘాట్ రోడ్డు ఎక్కి కోరాపుట్ వెళ్లివచ్చిన తరువాత మాత్రం రెండు మూడు రోజుల పాటు ఉదయం లేచేసరికి ఇంజిన్, గేర్ బాక్స్ కలిసే చోటుకి కింద నల్లటి మరకలు ఉంటాయి. ఆ తరువాత వాటంతట అవే ఆగిపోతాయి. రెండు వేల కిలోమీటర్లకు అరలీటరు దాకా ఆయిల్ పోయాల్సి వస్తోంది. మొదట ఒక మెకానిక్ టాపెట్ కవర్ (ఇంజిన్ పై మూత) ప్యాకింగ్ మార్చారు, తరువాత ఇంకొకరు చాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) ప్యాకింగ్ మార్చారు, అయినా తగ్గలేదు. ఇప్పుడు మూడో ఆయన గేర్ బాక్స్ దింపి క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) వెనుక సీలు, అంటే ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు, మార్చాలంటున్నారు. “బాబూ, పాత బండి కదా, ఇంతోటి కారడం మామూలే” అని మరొకరు అంటున్నారు. నేను ఎవరి మాట వినాలి?

జవాబు: గేర్ బాక్స్ ఇప్పుడే దింపించకండి. మూడో మెకానిక్ చెప్పింది తప్పని నా అభిప్రాయం కాదు, క్రాంక్ వెనుక సీలు నిజంగానే పోయి ఉండవచ్చు. కానీ మీరు రాసిన లక్షణాల్లో ఏదీ ప్రత్యేకించి ఆ సీలునే చూపించడం లేదు. ఇంతవరకు మీ బండికి జరిగినదంతా మరమ్మతే తప్ప పరీక్ష కాదు. తడి కనపడిన చోటల్లా ప్యాకింగ్ మార్చారు కానీ, ఆ తడి ఎక్కడ మొదలై అక్కడికి చేరిందో ఎవరూ చూసినట్టు లేదు. ఆగి ఆగి కారుతోంది కాబట్టే లీకు దొరకడం లేదని చాలామంది అనుకుంటారు. నిజానికి ఎప్పుడు కారుతోందో, ఎప్పుడు కారడం లేదో తెలిసిన లీకు, రోజూ ఒకేలా కారే లీకు కంటే చాలా ఎక్కువ సంగతులు చెబుతుంది. మీ ఉత్తరంలో అన్నిటికంటే విలువైన మాట “ఘాట్ రోడ్డు ఎక్కి వచ్చిన తరువాత మాత్రం” అన్నది. పరీక్ష అక్కడి నుంచే మొదలు కావాలి.

గజపతినగరం నుంచి రామభద్రపురం మీదుగా సాలూరు దాకా జాతీయ రహదారి 26 చాలావరకు చదునుగానే ఉంటుంది. సాలూరు దాటి ఒడిశాలోని సుంకి వైపు మలుపులు మొదలయ్యాక ఇంజిన్ పరిస్థితి పూర్తిగా మారిపోతుంది. రెండో గేరులో, మూడో గేరులో బరువు లాగుతూ చాలాసేపు పైకెక్కుతున్నప్పుడు సిలిండర్లలో ఒత్తిడి బాగా పెరిగి, అందులో కొంత గ్యాసు అరిగిన పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి, అంటే క్రాంక్ తిరిగే భాగంలోకి దిగుతుంది. మన మెకానిక్‌లు దీన్నే బ్యాక్ కంప్రెషన్ అంటారు. అదే సమయంలో ఆయిల్ వేడెక్కి పలచబడుతుంది కనుక, చల్లగా చిక్కగా ఉన్నప్పుడు దాటలేని సన్నటి సందులోంచి కూడా అప్పుడు తేలికగా దాటిపోతుంది. పైగా బండి ముందుభాగం లేచి ఉండటం వల్ల చాంబర్‌లోని ఆయిల్ వెనుక వైపుకి చేరి, చదునుదారిలో అంతగా తడవని అంచుల మీద కూడా నిలబడుతుంది. విజయనగరం దారిలో ఈ మూడింటిలో ఒక్కటీ ఇంత ఎక్కువగా ఉండదు. అందుకే అక్కడ మీ బండి పొడిగా ఉంటోంది.

రెండు మూడు రోజుల పాటు చుక్కలు పడుతున్నాయి కాబట్టి అన్ని రోజులూ ఇంజిన్ కారుతోందని అనుకోనక్కరలేదు. ఎక్కుడు దారిలో బయటికి వచ్చిన ఆయిల్ ఇంజిన్ పక్కల మీద, ఛాసిస్ అడ్డపట్టీ మీద, క్లచ్ హౌసింగ్ (ఇంజిన్‌కీ గేర్ బాక్స్‌కీ మధ్య క్లచ్ ఉండే గూడు) అంచుల మీద పాత జిడ్డుతో, దుమ్ముతో కలిసి నిలిచిపోయి, బండి ఇంటికి వచ్చి ఆగాక నింపాదిగా కిందికి దిగుతుంది. మీ పోర్టికో వాలు ఎటు ఉందో రాయలేదు. మన వైపు చాలా ఇళ్లలో వాననీరు వీధిలోకి పోవడానికి వీధివైపు వాలు పెడతారు, బండిని ఇంటికి ఎదురుగా ముందు నుంచి లోపలికి తెచ్చి నిలుపుతారు. అలా నిలిపితే ఇంజిన్ ముందుభాగంలో ఎక్కడ కారిన ఆయిల్ అయినా చాంబర్ అంచు వెంట వెనక్కి పాకి, గేర్ బాక్స్ కలిసే చోటనే చుక్కగా పడుతుంది. చుక్క పడిన చోటు లీకు ముగిసిన చోటే తప్ప మొదలైన చోటు కాదు. నడుస్తున్న బండిలో ఫ్యాను గాలి, ఎదురుగాలి రెండూ ఆయిల్‌ని వెనక్కే నెడతాయి. కనుక కింద పడుకుని పైకి చూసే మనిషికి ఎప్పుడూ చాంబరూ క్లచ్ హౌసింగే తడిగా కనపడతాయి. మీ చాంబర్ ప్యాకింగ్ మారడానికి బహుశా ఇదే కారణం.

అరలీటరు లెక్క కూడా ఒకసారి వేసి చూడండి. మిల్లీలీటరుకు ఇరవై చుక్కలని ఉజ్జాయింపుగా అనుకున్నా, అరలీటరంటే పదివేల చుక్కలు. కోరాపుట్ వెళ్లివచ్చిన ప్రతిసారీ రెండు మూడు ఉదయాలు కనిపించే మరకలు ఆ లెక్కలో చాలా చిన్న భాగం. సిమెంటు నేల మీద పడిన ఆయిల్ చుక్క పరుచుకుని అసలు పరిమాణం కంటే ఎంతో పెద్దగా కనపడుతుంది. కాబట్టి తగ్గిన ఆయిల్‌లో ఎక్కువ భాగం బండి నడుస్తుండగా ఒత్తిడి మీద బయటికి పోతోంది, లేదా సిలిండర్లలోకి చేరి కాలిపోతోంది. రెండోది తెలుసుకోవడానికి, ఘాట్ దిగి వచ్చాక మళ్లీ యాక్సిలరేటర్ తొక్కిన క్షణంలో వెనుక నీలిరంగు పొగ వస్తోందేమో ఎవరినైనా వెనుక బండిలోంచి చూడమనండి. ఈ వయసు డీజిల్ ఇంజిన్ రెండు వేల కిలోమీటర్లకు అరలీటరు ఖర్చు పెట్టడం దానికదే భయపడాల్సిన విషయం కాదు. అయితే ఈ ఖర్చు ఉన్నట్టుండి పెరిగిందా, ఏళ్లుగా ఇలాగే ఉందా అన్నది మాత్రం గుర్తు తెచ్చుకోండి, ఎందుకంటే ఉన్నట్టుండి పెరిగితే దానికి ఒక కారణం ఉంటుంది, ఆ కారణం దొరుకుతుంది.

ఏ సీలు జోలికీ పోకముందు చూడవలసింది బ్రీదర్. రింగుల పక్కనుంచి దిగిన గ్యాసు బయటికి పోవడానికి ప్రతి ఇంజిన్‌కీ ఒక గొట్టం ఉంటుంది. సాధారణంగా అది టాపెట్ కవర్ దగ్గర మొదలై, గాలిలో కలిసిన ఆయిల్‌ని విడదీసే చిన్న అర గుండా ఎయిర్ ఫిల్టర్ తరువాతి గొట్టంలోకి చేరుతుంది. ఏళ్ల తరబడి ఆ దారిలో జిడ్డు గట్టిపడితే, లేదా రబ్బరు గొట్టం మెత్తబడి లోపలికి ముడుచుకుంటే గ్యాసుకి దారి మూసుకుపోతుంది. వరి మడిలో తూము పూడుకుపోయినప్పుడు నీరు గట్టు ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ గండి కొడుతుంది. గండి పూడ్చినంత మాత్రాన తూము తెరుచుకోదు, మర్నాడు ఇంకోచోట తెగుతుంది. మీ బండికి మొదట టాపెట్ కవర్ ప్యాకింగ్, తరువాత చాంబర్ ప్యాకింగ్, ఇప్పుడు క్రాంక్ సీలు అంటూ ఒకదాని తరువాత ఒకటి రావడం చూస్తే నాకు ముందుగా వచ్చే అనుమానం ఇదే. బ్రీదర్ మూసుకుని ఉండగా కొత్త సీలు వేస్తే అది కూడా కొద్ది కాలంలోనే తడవడం మొదలుపెడుతుంది, నింద మాత్రం సీలు నాణ్యత మీద పడుతుంది.

దీన్ని మీరే చూసుకోవచ్చు. ఇంజిన్ బాగా వేడెక్కాక, బండి నిలిపి ఐడిలింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ తిరుగుతూ ఉంచి, ఆయిల్ పోసే మూతను విప్పి, దాన్ని ఆ రంధ్రం మీదే బిగించకుండా బోర్లించి పెట్టండి. డీజిల్ ఇంజిన్‌లో మూత కొద్దిగా అదరడం, పలచటి ఆవిరి కనపడటం సహజం. మూత ఎగిరి పక్కకి పడిపోయినా, చిక్కటి పొగ దపదపమని తన్నుకుంటూ వచ్చినా లోపల ఒత్తిడి ఎక్కువగా ఉన్నట్టే. అప్పుడు ఇంజిన్ ఆపి, బ్రీదర్ గొట్టాన్ని రెండు వైపులా ఊడదీసి, ఒక చివర నోటితో కాకుండా చేతిపంపుతో గాలి కొట్టి చూడండి. అడ్డు ఉంటే గొట్టాన్నీ, ఆ అరనూ డీజిల్‌తో కడిగించి ఆరబెట్టి బిగించి, మూత పరీక్ష మళ్లీ చేయండి. పొగ తగ్గితే దోషం దారిలోనే ఉంది. దారి శుభ్రంగా ఉండి కూడా పొగ అలాగే ఉంటే రింగులు, బోర్లు (సిలిండర్ల లోపలి గోడలు) అరిగాయని అర్థం, అప్పుడు కంప్రెషన్, అంటే సిలిండర్లలోని ఒత్తిడి, కొలిపించడం తప్పదు. ఘాట్ ఎక్కి ఆగిన వెంటనే ఆయిల్ చూసే కడ్డీ, అదే డిప్ స్టిక్, తన చోటునుంచి కాస్త పైకి లేచి ఉందేమో కూడా గమనించండి. దాని చుట్టూ తాజాగా ఆయిల్ చిమ్మి ఉంటే లోపలి ఒత్తిడికి అంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

మీ బండి లాంటి డీజిల్ వాహనాలలో ఇంకొక భాగం ఉంది, దాన్ని చాలామంది అసలు చూడరు. బ్రేకుకి కావలసిన వాక్యూమ్ కోసం ఆల్టర్నేటర్ వెనుక ఒక చిన్న పంపు బిగించి ఉంటుంది. అది ఇంజిన్ ఆయిల్‌తోనే తడుస్తుంది. ఒక సన్నటి గొట్టం దానికి ఒత్తిడి మీద ఆయిల్ తెస్తుంది, ఇంకొక లావుపాటి గొట్టం వాడిన ఆయిల్‌నీ, పంపు పీల్చిన గాలినీ కలిపి తిరిగి ఇంజిన్‌లోకి పంపుతుంది. ఆ తిరుగు గొట్టం రబ్బరు గట్టిపడి చివర్లలో బీటలు వారితే చల్లగా ఉన్నప్పుడు పొడిగా ఉండి, వేడెక్కి ఆయిల్ ప్రవాహం పెరిగినప్పుడు మాత్రమే తడుస్తుంది. ఒత్తిడి గొట్టం బోల్టు కింద ఉండే రాగి వాషర్లు ఒకసారి ఊడదీసి మళ్లీ అవే వేస్తే అక్కడ కూడా ఇలాగే ఊరుతుంది. అంతేకాక, బ్రేకు బూస్టరుకి (పెడల్ బలాన్ని పెంచే భాగానికి) వెళ్లే వాక్యూమ్ గొట్టానికి చిల్లు ఉంటే పంపు ఆగకుండా బయటి గాలిని పీల్చి ఇంజిన్‌లోకే నెట్టి, మనం ఇందాక చెప్పుకున్న లోపలి ఒత్తిడిని ఇంకా పెంచుతుంది. ఆల్టర్నేటర్ వెనుక మూత దగ్గర వేలు పెట్టి చూడండి. తడి తగిలితే, అందులోనూ ఈ మధ్య బ్రేకు పెడల్ గట్టిగా అనిపిస్తుంటే, లీకు సంగతి పక్కన పెట్టి ముందు ఆ పంపునే చూపించండి, ఎందుకంటే ఘాట్ దిగేటప్పుడు మీ ప్రాణాలు ఆ బ్రేకు మీదే ఆధారపడి ఉంటాయి.

ఇక అసలు జాడ పట్టడం. ఒక రోజు ఇంజిన్ పూర్తిగా చల్లారాక డీజిల్, కుంచెలతో జిడ్డంతా వదిలించి, వాటర్ సర్వీసింగ్ చేయించండి. ఆల్టర్నేటర్, స్టార్టర్, ఫ్యూజుల పెట్టె మీద ప్లాస్టిక్ కవర్లు కట్టకుండా నీళ్లు కొట్టనివ్వకండి. కడిగిన జిడ్డునీరు చెరువులోకీ పంటకాలువలోకీ పోకుండా చూడండి. ఇంజిన్ ఆరాక, అనుమానం ఉన్న అతుకుల మీద, అంటే టాపెట్ కవర్ అంచు, హెడ్ (సిలిండర్ల పైన బిగించే భాగం) అతుకు, ఆయిల్ ఫిల్టర్ మొదలు, ఆయిల్ ప్రెషర్ స్విచ్ (ఆయిల్ ఒత్తిడి తగ్గితే ఎర్రదీపం వెలిగించేది), ముందు పుల్లీ వెనుక సీలు, చాంబర్ పై అంచు, ఆల్టర్నేటర్ పంపు గొట్టాల చివర్లు, వీటి మీద మామూలు టాల్కమ్ పౌడరు గుడ్డమూటలోంచి పలచగా అద్దండి. ఎయిర్ ఫిల్టర్ వైపూ, ఆల్టర్నేటర్ లోపలికీ పౌడరు పోకూడదు. తెల్లటి పౌడరు మీద ఆయిల్ ఒక గీతలా దిగుతుంది, ఆ గీత పై చివర ఎక్కడుందో అదే లీకు.

మీకున్న పెద్ద సౌకర్యం ఏమిటంటే, మీ దారే మీకు పరీక్షశాల. ఈసారి కోరాపుట్ వెళ్లేటప్పుడు ఇంటి దగ్గర కాసేపు ఐడిలింగ్‌లో ఉంచి ఒకసారి, రామభద్రపురంలో ఒకసారి, ఘాట్ ఎక్కకముందు సాలూరులో ఒకసారి, ఎక్కడం అయ్యాక సుంకి దగ్గర రోడ్డు వెడల్పుగా ఉన్న చోట ఒకసారి బండి ఆపి, ఇంజిన్ కట్టేసి, తాళంచెవి జేబులో వేసుకుని, టార్చి వెలుగులో అవే చోట్లను అదే కోణంలో ఫోనుతో ఫోటోలు తీయండి. వేడి మీదున్న ఎగ్జాస్టు గొట్టానికి చెయ్యి తగలకుండా చూసుకోండి. సాలూరు ఫోటోలో పొడిగా ఉండి సుంకి ఫోటోలో తడిసిన చోటు ఏదో, మీ డబ్బు ఖర్చు పెట్టవలసిన చోటు అదే. ఐడిలింగ్‌లోనే తడి మొదలైతే ఒత్తిడి మీద నడిచే భాగాల్ని, అంటే ప్రెషర్ స్విచ్, ఫిల్టర్, పంపు గొట్టాల్ని అనుమానించండి. ప్రెషర్ స్విచ్ విషయంలో ఒక గుర్తు ఉంది. దాని మధ్యలో వైరు తగిలించే ప్లాస్టిక్ ముక్క దగ్గరే ఆయిల్ ఊరుతుంది, వైరు ఊడదీస్తే తొడుగు లోపల కూడా ఆయిల్ నిండి ఉంటుంది. చవకైన భాగం, మార్చడం తేలిక, అయినా అన్నిటికంటే ఆఖరున దీన్ని చూడటం మన షెడ్లలో అలవాటైపోయింది.

పై భాగాలన్నీ సుంకి దాకా పొడిగా ఉండి, క్లచ్ హౌసింగ్ కింద ఉండే చిన్న రంధ్రంలోంచి మాత్రమే ఆయిల్ వస్తే అప్పుడు మూడో మెకానిక్ మాట నిజమయ్యే అవకాశం ఉంది. అప్పుడు కూడా అది ఇంజిన్ ఆయిలా, గేర్ ఆయిలా అన్నది తేల్చుకోవాలి. గేర్ బాక్స్ ముందు సీలు పోయినా ఆయిల్ అదే రంధ్రంలోంచి వస్తుంది. తెల్లకాగితం మీద ఒక చుక్క పట్టి వాసన చూడండి. గేర్ ఆయిల్‌కి గంధకం కలిసిన ఘాటు వాసన ఉంటుంది, డీజిల్ ఇంజిన్ ఆయిల్ మసితో నల్లగా ఉండి ఆ వాసన ఉండదు. క్రాంక్ సీలే అని తేలితే, గేర్ బాక్స్ దింపే కూలీ ఒకటే కనుక క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగు పరిస్థితి కూడా ఆ రోజే చూపించండి. సీలు పెదవి రాసుకునే చోట క్రాంక్ మీద గాడి పడిందేమో, క్రాంక్ ముందుకీ వెనక్కీ ఎక్కువగా కదులుతోందేమో కొలవమనండి. గాడి పడిన క్రాంక్ మీద కొత్త సీలును పాత చోటనే కూర్చోబెడితే ప్రయోజనం ఉండదు.

ఇప్పటికే మార్చిన ప్యాకింగుల గురించి ఒక్క మాట. టాపెట్ కవర్ బోల్టులు మళ్లీ మళ్లీ బిగించనివ్వకండి. రేకు కవర్ బోల్టు దగ్గర వంగి, బోల్టుకీ బోల్టుకీ మధ్య సందు ఏర్పడి, బిగించేకొద్దీ ఎక్కువ కారుతుంది. గ్యాస్కెట్ పేస్టు కూడా అంతే. ఎక్కువ పూస్తే లోపలి అంచున ఉబికి, తెగి, చాంబర్‌లో పడి, ఆయిల్ పంపు జల్లెడకి అడ్డం పడే ప్రమాదం ఉంది.

“పాత బండి కదా, మామూలే” అన్న మాటను మాత్రం నేను ఒప్పుకోను. వేడెక్కిన ఎగ్జాస్టు మీద పడే ఆయిల్ నిప్పుకి కారణం కావచ్చు. క్లచ్ ప్లేటు మీద పడితే మీ బండి ఘాట్ మధ్యలో లాగడం మానేస్తుంది. ఇంజిన్ కింద ఉండే రబ్బరు మౌంటింగులు ఆయిల్ పీల్చుకుని ఉబ్బి పాడవుతాయి. పదిహేనేళ్లు దాటి మీకు సేవ చేస్తున్న బండికి ఒక రోజు ఓపికగా పరీక్ష చేయించుకునే అర్హత ఉంది.

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం. 1997 మోడల్ మారుతి 800, కార్బురేటర్ బండి, మా నాన్నగారి గుర్తుగా ఉంచుకున్నాను. షెడ్డు లేదు, ఆరుబయటే ఉంటుంది. వారమంతా కదలకుండా ఉంటే చుక్క పడదు. ఆదివారం అరసవల్లి వెళ్లివస్తే ఒక్కోసారి గేర్ బాక్స్ వైపు ఆయిల్ కారుతుంది, ఒక్కోసారి కారదు. ఇంజిన్ దింపాలంటున్నారు.

జవాబు: దింపకముందు డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్ ప్లగ్గులకి కరెంటు పంచే భాగం) కింద చెయ్యి పెట్టి చూడండి. మీ ఇంజిన్‌లో డిస్ట్రిబ్యూటర్ హెడ్‌కి గేర్ బాక్స్ వైపు చివర ఉండి, కామ్ షాఫ్ట్ (వాల్వులను తెరిచే ఇరుసు) నుంచి తిరుగుతుంది. దాని మొదట్లో ఉండే రబ్బరు ఓ-రింగు గట్టిపడితే హెడ్‌లోకి వచ్చిన ఆయిల్ అక్కడి నుంచి సన్నగా దిగి, సరిగ్గా ఇంజిన్, గేర్ బాక్స్ కలిసే చోటికి చేరుతుంది. కింద నుంచి చూసేవారికి అది అచ్చంగా క్రాంక్ సీలు లీకులా కనపడుతుంది. ఇంజిన్ ఆగి ఉంటే అక్కడ ఆయిల్ నిలవదు కనుక వారమంతా పొడిగా ఉండటం కూడా ఈ అనుమానాన్నే బలపరుస్తోంది. ఓ-రింగు ధర చాలా తక్కువ. అయితే డిస్ట్రిబ్యూటర్ ఊడదీయకముందు అది ఇప్పుడున్న స్థానాన్నీ, లోపలి రోటరు ఎటు తిరిగి ఉందో దాన్నీ పెయింటుతో గుర్తు పెట్టించండి, లేకపోతే టైమింగ్, అంటే ప్లగ్గు నిప్పురవ్వ వేసే సమయం, తప్పుతుంది. బిగించాక టైమింగ్ లైటుతో సరిచూపించండి.

మీరు సముద్రానికి దగ్గరలో ఉన్నారు కాబట్టి ఇంకొకటి. ఉప్పుగాలికి రేకు చాంబర్ తుప్పు పట్టి, ఆ తుప్పు పొర కింద సూదిమొన అంత రంధ్రం పడటం తీరప్రాంతపు పాత బండ్లలో ఉన్నదే. తుప్పు పెచ్చు, జిడ్డు కలిసి ఆ రంధ్రాన్ని కొంతకాలం మూసి ఉంచుతాయి, గతుకులో పెచ్చు కదిలితే మళ్లీ ఊరుతుంది. ఆయిల్ మార్చే రోజున, పాత ఆయిల్ పూర్తిగా దింపేశాక మాత్రమే, చాంబర్ అడుగును వైరు బ్రష్‌తో గీకించి చూడండి. ఆయిల్ ఉండగా గీకితే చిన్న రంధ్రం అక్కడికక్కడే పెద్దదై బండి ఇంటికి రాకుండా పోతుంది. పలచబడిన చాంబర్‌కి అతుకులు వేయించే కంటే మార్చడమే మేలు. అదే రోజు టైమింగ్ బెల్ట్ కవర్ తీయించి, ముందు కామ్ సీలు దగ్గర తడి లేదని నిర్ధారించుకోండి. ఆయిల్ తాగిన బెల్ట్ ముందు హెచ్చరిక లేకుండా తెగుతుంది.

ప్రశ్న: రాజాం దగ్గర మాది. 2005 నాటి టాటా సుమో ఇంజిన్ ఆయిల్ అప్పుడప్పుడు కారుతుంది. సంక్రాంతికి పిల్లల్ని తీసుకురావడానికి హైదరాబాద్ వెళ్లాలి, మరమ్మతుకి వ్యవధి లేదు. లీకు ఆపే సీసా మందు పోయమని కొందరు, చిక్కటి 20డబ్ల్యు-50 ఆయిల్ పోయమని మరికొందరు చెబుతున్నారు. ఏది మంచిది?

జవాబు: ప్రయాణం ముందు రెండూ వద్దు. ఆ సీసా మందులు రబ్బరు సీళ్లను కొద్దిగా ఉబ్బించి మెత్తబరుస్తాయి. గట్టిపడిన సీలు అంచున కొంతకాలం పని చేయవచ్చు కానీ, చిరిగిన సీలుకీ, పగిలిన ప్యాకింగుకీ, వదులైన బోల్టుకీ వాటి వల్ల ఉపయోగం లేదు. మీ లీకు వీటిలో ఏదో తెలియకుండా మందు పోయడం దండగ. చిక్కటి ఆయిల్ కారడాన్ని కాస్త మందగింపజేస్తుందన్నది నిజమే, కానీ సంక్రాంతి నాటి తెల్లవారుజాము చలిలో స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో బేరింగులకి ఆలస్యంగా చేరుతుంది. మీ మాన్యువల్‌లో ఆ గ్రేడు రాసి ఉంటే తప్ప మార్చకండి.

ఇప్పుడు మీరు చేయగలిగినవి ఉన్నాయి. ఆయిల్ ఎక్కువైందేమో ముందు చూడండి. బండిని చదునుగా నిలిపి, ఇంజిన్ ఆపి పది నిమిషాలు ఆగి, కడ్డీ తుడిచి మళ్లీ ముంచి చూసినప్పుడు పై గీత దాటి ఉంటే, తిరిగే క్రాంక్ ఆయిల్‌ని చిలికి నురగ చేస్తుంది, లోపల ఒత్తిడి పెరుగుతుంది, బాగున్న సీళ్లు కూడా తడుస్తాయి. కారుతోందని భయపడి మళ్లీ మళ్లీ పోసేవారి బండ్లలో ఇది తరచుగా కనపడుతుంది. పై గీతకి దింపించండి. తరువాత డ్రెయిన్ బోల్టు వాషరు, ఆయిల్ ఫిల్టర్ మొదలు చూపించండి. ఫిల్టర్ మార్చినప్పుడు పాత రబ్బరు రింగు ఇంజిన్‌కే అంటుకుపోయి దాని మీదే కొత్త ఫిల్టర్ బిగిస్తే, కొన్నాళ్లు నిలిచి, ఒక రోజు ఒక్కసారిగా ఆయిల్ మొత్తం రోడ్డు పాలవుతుంది. బ్రీదర్ గొట్టం కూడా అదే పూట కడిగించండి. వీటన్నిటికీ కలిపి ఒక పూట కంటే ఎక్కువ పట్టదు.

ఆ తరువాత పండుగకు కనీసం వారం ముందు, మీరు హైదరాబాద్ వెళ్లేంత బరువుతో, అదే వేగంతో రాజాం నుంచి విశాఖపట్నం దాకా ఒకసారి వెళ్లి రండి. బయల్దేరే ముందు, తిరిగి వచ్చి బండి చల్లారాక, అదే చదును చోటులో కడ్డీ చూడండి. రెండు గీతల మధ్య దూరంలో నాలుగో వంతు కంటే తక్కువ దిగితే, మీరు వాడే గ్రేడు ఆయిల్ రెండు లీటర్లు వెంట పెట్టుకుని, డీజిల్ పోయించుకున్న ప్రతిచోటా మట్టం చూసుకుంటూ వెళ్లవచ్చు. దారిలో ఆయిల్ ప్రెషర్ ఎర్రదీపం వెలిగితే తరువాతి ఊరి దాకా పోదామనుకోకండి, పక్కకి తీసి ఆ క్షణమే ఇంజిన్ ఆపండి. విశాఖ ప్రయాణంలోనే మట్టం అంతకు మించి దిగితే మాత్రం, మీరు చీపురుపల్లిలోనో విజయనగరంలోనో రైలెక్కండి, మీరు తిరిగి వచ్చేలోగా పని పూర్తి చేయమని బండిని షెడ్డులో అప్పగించండి.